తల్లిగండిలో చెయ్యి

ఈ చేతికేం తక్కువ? పొద్దు పొడిచిన దగ్గర నుంచి తిరుపతమ్మ మనసులో ఆ ఒక్క మాటే తిరుగుతోంది. కుడిచెయ్యి మోచేతి దాకా ఎర్రనీళ్ళలో మునిగి ఉంది, అరచెయ్యి వెల్లకిలా చేపలు పట్టే కొడమ తోకలో పరిచి ఉంది, నడుము దాకా తడిసిన చీర బండరాయికి అతుక్కుపోయింది, ఎడమ భుజం మీద కొత్త జనుము తాడు వేలాడుతోంది. ఏడేళ్ళుగా ఏ చోటు కోసం లోలోపల కుతకుత ఉడికిందో ఆ చోటనే కూర్చుంది, అయినా సుఖం లేదు. ఐదు వేళ్ళూ సరిగ్గానే ఉన్నాయి కదా! ఇద్దరు కొడుకులకు లాల పోసిన చెయ్యి, పెళ్ళిళ్ళలో ఊరందరికీ చేపల పులుసు పెట్టి శెభాష్ అనిపించుకున్న చెయ్యి, ఈ కొడమను వావిలి బరిగెలతో అల్లింది కూడా ఈ చెయ్యే. అల్లడానికేమో పెద్దకోడలు కావాలి, అల్లినదాంట్లో చెయ్యి పెట్టడానికి మాత్రం చిన్నకోడలు కావాలి. బాగుందమ్మా న్యాయం! ఆ చిన్నకోడలి చెయ్యి ఇప్పుడు బూరెలా ఉబ్బి గుడిసెలో చాప మీద పడుంది. పడుండనీ. ఒక్క పూట పెద్దకోడలి చెయ్యి ఏపాటిదో కూడా లోకం చూడనీ.

లోకమంటే ఎంత, ఆ పాయ ఒడ్డున కాచుకుని కూర్చున్న ఏడిళ్ళ బెస్తవాళ్ళు. ఇటిక్యాల దిక్కున కృష్ణ ఒడ్డు పొడుగునా బండలే. ఆ బండల మధ్య ఏటి నుంచి ఒక పాయ చీలి, కొంత దూరం తన దారిన తాను పారి, మళ్ళీ ఏటిలోనే కలుస్తుంది. పాయకు అడ్డంగా, ఏ కాలంలో ఎవరు పేర్చారో, ఒక రాళ్ళకట్ట ఉంది. కట్టలో ఏడు గండ్లు, గండికొక కొడమ. బుట్ట లాంటిదే, కాకపోతే పొడుగు. నోరు వెడల్పు, మెడ సన్నం, చివర తోక. మిరుగం కార్తె వానలకు పై నుంచి ఎర్రనీళ్ళు దిగగానే చేపలకు పిచ్చెక్కినట్టయి, గుడ్లు పెట్టడానికి పాయలోకి ఎదురెక్కుతాయి, కొడమ నోట్లో దూరి మెడ దాటుతాయి. తోక తాడుతో కట్టి ఉంటే అక్కడే చిక్కుతాయి, విప్పి ఉంటే జారి పైకి పోతాయి. నీళ్ళు దిగిన మొదట్లో ఏ గండిలోనూ తోక కట్టరు. అన్నిటికన్నా లోతైన నడిమి గండి తల్లిగండి, దాని తోకలో ఒక ఆడమనిషి చెయ్యి పెట్టి కూర్చుంటుంది. పోయే ప్రతి చేపా ఆ అరచేతి మీదుగా పోవాలి. పొట్ట నిండా గుడ్లున్న తల్లి రవ్వచేప పోతే తాడుకు ఒక ముడి. అట్లా రెండిరవైల ముడులు పడితే చాలినన్ని తల్లులు పైకి పోయాయని లెక్క, అప్పుడు ఆమె గొంతెత్తి "తోకలు కట్టుండ్రో" అని కేకేస్తుంది. ఆ కేక పడేదాకా ఏడిళ్ళ పొయ్యిల మీదా చేప ఉడకదు. కేక తొందరపడితే పైన గుడ్లు రాలవు, రెండేళ్ళు తిరిగేసరికి పాయలో ఎండ్రకాయలు తప్ప ఏమీ మిగలవు. అత్త రామేశ్వరమ్మ కొత్త కోడలుగా ఉన్నప్పుడు ఒకసారి అట్లా జరిగిందట, ఏడిళ్ళ వాళ్ళూ గంపలు మూలకు పడేసి గట్టు దిక్కు చేలల్లో కలుపు తీసే కూలికి పోయారట. అందుకే ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. చెయ్యి నీళ్ళలో ఉన్నంతసేపూ ఆమె నోట అబద్ధం రాకూడదు. ఎవరేమడిగినా నిజమే చెప్పాలి. ఆ లెక్కకు ఆ చెయ్యి తప్ప ఇంకో సాక్షి లేదు మరి. ఒక్క మాట బొంకిందని తేలినా ఆ ఏడాది తాడు చెల్లదు.

ఆ కట్టుబాటు తలుచుకుంటే తిరుపతమ్మ కళ్ళు ఒడ్డు వైపు పోతున్నాయి. ఒడ్డు మీద మడతేసిన గొంగడిపై ముసలామె కూర్చుని ఉంది. రామేశ్వరమ్మకు చూపు పోయి నాలుగేళ్ళు, మొహం మాత్రం సూటిగా తల్లిగండి వైపే పెట్టుకుంటుంది. అడగకుంటే చాలు. ఆ ఒక్క ప్రశ్న అడగకుంటే చాలు దేవుడా. వద్దు, ఆ సంగతి ఇప్పుడొద్దు, చేతి మీదికి రావే మనసా, చేతి మీదికి. పరిగె చేప ఒకటి పోయింది, చిటికెన వేలంత, దానికి ముడి లేదు. ఎండుటాకు. మళ్ళీ పరిగెలు, ఈసారి గుంపు, వేళ్ళ సందుల్లో చక్కిలిగింత. ఏడేళ్ళ కింద కూడా ముందు ఇట్లాగే చక్కిలిగింత పెట్టాయి. అప్పుడే అత్తకు చూపు మసకబారడం మొదలైంది, నా తరువాత గండిలో ఎవరు అన్న మాట వచ్చింది. పెద్దకోడలు రాయిలా ఎదురుగా ఉండగా ఆ మాట రావడమేమిటి అసలు? వచ్చింది. ఇద్దరు కోడళ్ళనూ గండికి అటొకరిని ఇటొకరిని కూర్చోబెట్టి, రెండు చేతులూ ఒకే తోకలో పెట్టించింది. సుభద్ర అప్పటికి ఇంట్లోకొచ్చి రెండేళ్ళు, తుంగభద్ర అవతలి పిల్ల, మాటల మధ్య ఇంకా కన్నడం దొర్లేది. మూరెడు చేప ఒకటి ఇద్దరి అరచేతుల మీదుగా సర్రున పోయింది. "ఏందది?" అంది అత్త. "తల్లి అత్తా!" అంది తిరుపతమ్మ, ఊపిరైనా పీల్చుకోకుండా. "తెల్వదత్తా" అంది సుభద్ర. అంతే. అత్త లేచి కొంగు పిండుకుంది, తన భుజం మీది తాడు తీసింది, తీసుకుపోయి సుభద్ర భుజం మీద వేసింది. ఎక్కడైనా ఉందా ఈ విడ్డూరం! తెలిసిందన్నదానికి కాదు, తెలియదన్నదానికి! పెద్దకోడలి చెయ్యి నీళ్ళలోనే ఉండిపోయింది, తియ్యమని కూడా ఎవరూ అనలేదు. ఎందుకిచ్చావని అడగడానికి ఆ రోజు నోరు రాలేదు, తరువాత మాత్రం ఎప్పుడడుగుతుంది?

పోనీ తాడు ఒక్కటే పోయిందా? తాడు వెంట అన్నీ పోయాయి. మిరుగం దగ్గర పడిందంటే నాగప్ప, తాళి కట్టిన మొగుడు, వేపపుల్ల నములుతూ పొద్దున్నే మొదలుపెడతాడు, "సుభద్ర ఏమంటది? నీళ్ళెప్పుడు దిగుతయంట?" అని. ఎవరిని అడుగుతాడు? తిరుపతమ్మను! చినిగిన వల కుట్టేది తిరుపతమ్మ, కొడమలు అల్లేది తిరుపతమ్మ, నడుము పట్టేస్తే ఆముదం రాసేది తిరుపతమ్మ. కావలసింది మాత్రం తమ్ముడి పెళ్ళాం మాట. మరిది శ్రీశైలం సరే, అతని భార్య, నెత్తికెత్తుకుంటాడు, ఎవరు కాదన్నారు. కన్న కొడుకులిద్దరూ కూడా "చిన్నమ్మ పిలిచిందా?" అని గండి వైపు పరుగెత్తుతారు. గద్వాల నేతగాళ్ళ వీధికి చేపలమ్మబోతే ఇంకా అన్యాయం. ఈ యుద్ధమొచ్చి నూలు దొరక్క సగం మగ్గాలు మూలబడ్డాయి, చేప కొనేవాళ్ళే కరువైపోయారు, అంతటి కరువులో కూడా గుమ్మాల్లో కండెలు చుట్టుకునే ఆడవాళ్ళు తిరుపతమ్మ గంపలోకి ఒకసారి తొంగి చూసి, "సుభద్రమ్మ రాలేదా ఇయ్యాల?" అంటారు. ఇద్దరి గంపల్లోనూ ఒకే పాయ చేపలు కదా! సుభద్ర చెయ్యి తగిలితే చేపకు తీపి ఎక్కుతుందా? పోయినేడు ఒక సాలెవాళ్ళ ముసలామె, చీరంచు కత్తిరింపు ముక్క, జరీ తళతళలాడేది, బిడ్డకు కుళ్ళాయి కుట్టుకోమని సుభద్ర చేతిలో పెట్టింది. పక్కనే నిలబడ్డ తిరుపతమ్మకు మంచినీళ్ళిచ్చింది. నీళ్ళు! కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగిన మనిషికి చెంబెడు నీళ్ళు! పోనీ ఆ సుభద్ర గయ్యాళిదైనా బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది. ఇంటికి రాగానే ఆ జరీ ముక్కను నడిమికి కత్తిరించి సగం తెచ్చి తిరుపతమ్మ ఒళ్ళో పెట్టింది. ఎవరడిగారు? ఆ సగం ముక్కను తిరుపతమ్మ ఈనాటికీ వాడలేదు, పారేయనూ లేదు, గూట్లో ఉప్పుకుండ వెనక పెట్టింది.

అదిగో. బరువుగా ఒకటి వచ్చింది. ముందు మూతి తగిలింది, తరువాత గరుకు, తరువాత పొట్ట, మెత్తగా, నిండుగా, పాలు తాగి నిద్రపోయిన పసిదాని బుగ్గ తగిలినట్టు. ఒక్క క్షణం ఆగి, తోకాడించి, పైకి పోయింది. తల్లి! అనుమానం లేదు, తల్లి! ఎడమచేత్తో తాడు అందుకుని, పళ్ళతో పట్టి, గట్టిగా ఒక ముడి బిగించింది. సుభద్ర ఒంటిచేత్తోనే వేస్తుంది ముడి, పళ్ళ పని లేకుండా. వెయ్యనీ, ముడి ముడే. ఇంకొకటి. ఇదీ తల్లే. తరువాత వచ్చింది సన్నగా బిగువుగా ఉంది, మగది, పో. జెల్ల ఒకటి ముల్లు గీరిపోయింది, చురుక్కుమంది, చెయ్యి కదపలేదు. పాములాంటి మలుగు ఒకటి జారుడుగా చుట్టుకుని వదిలింది. ఒక తల్లి, మళ్ళీ తల్లి. తిరుపతమ్మకు ఒళ్ళంతా వెచ్చబడింది. తెలుస్తోంది! నా చేతికీ తెలుస్తోంది! ఏదో దేవుడిచ్చిన చెయ్యన్నట్టు ఏడేళ్ళు సుభద్రను నెత్తిన మోశారు కదా, ఇదేనా ఆ మహత్యం, ఇంతేనా? కూర్చోబెట్టి ఉంటే నేను కూడా ఇట్లాగే... "ఎన్నయినయి బిడ్డా?" ఒడ్డు మీది నుంచి రామేశ్వరమ్మ అడిగింది. లెక్కే అడిగింది, లెక్కే. "పదకొండు అత్తా." "మంచిది" అంది ముసలామె. మంచిదట. ఏడేళ్ళలో ఆ నోటి నుంచి తనకు రాలిన మంచి మాట అదొక్కటే కాబోలు, తిరుపతమ్మ దాన్ని మనసులో మళ్ళీ మళ్ళీ అనుకుని చూసుకుంది. బిడ్డా అన్నది కూడా.

నిన్న పొద్దుగూకే వేళ ఆ గొంతే ఇంకో రకంగా అడిగింది. పడమట మబ్బు కాటుకలా కమ్ముకుంది, పై నుంచి నీళ్ళు దిగుతున్నాయని రాయచూరు దిక్కు నుంచి వచ్చిన బండ్లవాళ్ళు చెప్పిపోయారు. చూరుకు వేలాడదీసిన కొడమను తిరుపతమ్మ కిందికి దింపింది. దింపుతుంటే కొడమ మెడలో ఏదో కదిలింది. నల్లటిది. కొండి పైకెత్తి, రెప్పపాటు అట్లా నిలబడి, బరిగెల సందులోకి దూరింది. అరవబోయింది. నిజంగానే అరవబోయింది, కృష్ణమ్మ సాక్షి, నోరు తెరిచింది కూడా. అంతలో సుభద్ర వచ్చింది, "ఇటియ్యి అక్కా, మెడ సాపుగున్నదో లేదో జర చూస్త" అంటూ వంగింది, గాజులు మోచేతి పైకి తోసుకుంది, చెయ్యి పెట్టింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. గుటక పడింది. ఒక్క గుటక, అంతసేపే, దానికెంతసేపు పడుతుంది? తిరుపతమ్మ నోట రావలసిన కేక సుభద్ర నోట వచ్చింది. నాగప్ప ఉరికొచ్చి తేలును చెప్పుతో కొట్టాడు, శ్రీశైలం చింతగింజ అరగదీసి వేలికి అంటించాడు, ఎవరో మంత్రం వేసేవాడి కోసం పోయారు. ఆ గోలలో అత్త గోడకు ఆనుకుని, "ఎవ్వలు చూడలేదా దాన్ని?" అంది. "నేను చూడలే అత్తా" అంది తిరుపతమ్మ, అడిగీ అడగకముందే. ఎవ్వలు అంటే నువ్వు అనేనా అర్థం? అంత తొందరగా ఎందుకు చెప్పాలి? అత్త మళ్ళీ మాట్లాడలేదు. నీళ్ళ బయట ఆడిన అబద్ధానికి నీళ్ళలో లెక్క లేదు కదా, మళ్ళీ అడిగితేనే కదా. సుభద్ర ఏడవలేదు, పెదవి కొరుక్కుని వణుకుతూ కూర్చుంది. జాలి వేసింది. రాయి కాదు కదా తిరుపతమ్మ, జాలి వేసింది. కాని ఆ జాలి వెనకాలే, దాని కొంగు పట్టుకున్నట్టు ఇంకొక ఊహ వచ్చింది: ఒక చెయ్యి నీళ్ళలో, ఒక చెయ్యి తాడు మీద ఉండాలి గదా, రేపు గండిలో ఎవరు కూర్చుంటారు? ఆ ఊహ వచ్చినప్పుడు కడుపులో చల్లగా అనిపించిన మాట కూడా నిజం.

పద్దెనిమిది. పందొమ్మిది. ఒక ఇరవై అయింది, దానికి గుర్తుగా తాడు మెలిపెట్టింది. ఎండ బండల మీదికి వచ్చింది, కొంగలు మోకాలి లోతులో నిలబడి వీళ్ళకు లేని అదృష్టాన్ని టపటపా మింగుతున్నాయి. మూడో గండి దగ్గర మొగులయ్యకు ఓపిక పోయింది. ఎడాపెడా మాట విసిరే మనిషి, అందులోనూ వేసవంతా ఇంటిల్లిపాదీ అంబలి మీదే బతికారు. "ఏం తిర్పతమ్మా! తోకలు కట్టాల్నా, కొంగలకే ఇడిసిపెట్టాల్నా? పోయినేడు సుభద్ర ఈ పాటికి పిల్చె!" అని అరిచాడు. చుట్టూ నవ్వులు. అరికాలి మంట నెత్తికెక్కింది తిరుపతమ్మకు. సుభద్ర, సుభద్ర! చచ్చి బూడిదయ్యేటప్పుడు కూడా ఆ కట్టెల్లోంచి ఆ పేరే వినబడుతుందేమో. పోయినేడు నీళ్ళు ముందే దిగాయిరా మొగులయ్యా, అది సుభద్ర గొప్ప కాదు, వాన గొప్ప. ఇరవై ఆరు. వేళ్ళు నానిపోయి ముడతలు పడ్డాయి, తెల్లబడ్డాయి, తనవి కాని వేళ్ళలా ఉన్నాయి. చేపలు ఇప్పుడు ఒకదాని వెంట ఒకటి తోసుకొస్తున్నాయి. ఇరవై తొమ్మిది, ఇదీ తల్లే. ముప్పై. ముప్పై ఒకటి. ముప్పై రెండు. ఇంకెంత, చేతి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఎనిమిది పోతే కేక తనది. తోకలు కట్టుండ్రో! తన గొంతు ఆ బండలకు తగిలి తిరిగొస్తుంది, ఏడిళ్ళ వాళ్ళూ ఆ గొంతు విని వంగుతారు, నాగప్ప ఆ గొంతు విని వంగుతాడు. పై ఏడు మిరుగానికి "తిరుపతమ్మ ఏమంటది?" అని లోకం అడుగుతుంది.

తలెత్తి చూసింది. గుడిసెల వైపు నుంచి సుభద్ర వస్తోంది. వాచిన చేతిని తడిగుడ్డలో చుట్టి రొమ్ముకు ఆనించుకుని, ఎడమచేత్తో దాన్ని మోసుకుంటూ, బండ మీంచి బండ మీదికి అడుగు చూసుకుని దిగుతోంది. ఎందుకొస్తోంది? ఒక్క పూట, ఒక్కటంటే ఒక్క పూట కూడా విడిచిపెట్టదా? పడుకోమన్నారు కదా, జ్వరం కదా! అది వచ్చి కూర్చుంటే కేక తనదెట్లా అవుతుంది, సుభద్ర పక్కనుండి చెప్పించింది అంటారు, తప్పకుండా అంటారు, మొగులయ్యే అంటాడు. అది కట్ట దగ్గరికి చేరే లోపల అయిపోవాలి. చేప వచ్చింది. తల్లా? పొట్ట తగిలినట్టే ఉంది. తల్లే. ముడి. మళ్ళీ ఒకటి, అంచు మాత్రం తగిలింది, పెద్దదే, ఇంత పెద్దది తల్లి కాకపోతే ఇంకేంటి, ముడి. సుభద్ర పెద్దబండ దాటింది. రెండు కలిసి పోయాయి, ఒకటి మెత్తగా ఉంది, ఏది మెత్తగా ఉందో, రెండూ అనుకో, ఎవరొచ్చి చూశారు, రెండు ముడులు. సుభద్ర నీళ్ళలోకి దిగింది, మోకాళ్ళ దాకా, తూలింది, తూలితే తిరుపతమ్మ ప్రాణం చివుక్కుమంది, అయినా పళ్ళు తాడును వదల్లేదు. ముడి. మళ్ళీ ముడి. ముప్పై తొమ్మిదోది వేసేటప్పుడు చేతి మీద నుంచి ఏం పోయిందో కూడా తెలియదు, ఆకో చేపో. ఇంకొక్కటి. ఒక్కటి రావే తల్లీ, ఒక్కటి. ఆ ఒక్కటీ రాలేదు. నీళ్ళు ఖాళీగా అరచేతి మీద పారుతున్నాయి, సుభద్ర వచ్చి ఎదుటి రాయి మీద కూర్చుంది.

జ్వరానికి ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి. ఎడమచెయ్యి తీసి, కొంగు మోచేతి పైకి దోపుకుని, కొడమ తోకలో పెట్టింది. నీళ్ళ అడుగున ఆమె వేళ్ళు తిరుపతమ్మ వేళ్ళకు తగిలాయి, నిప్పులా ఉన్నాయి. ఏడేళ్ళ కింద లాగే, అటొకరు ఇటొకరు.

"ఎన్నయినయక్కా?" అని అడిగింది సుభద్ర.

ముప్పై తొమ్మిది. తాడుకు ఉన్నవి ముప్పై తొమ్మిదే, ఎవరైనా వచ్చి లెక్కపెట్టుకోవచ్చు. నోరు తెరిచింది. గుటక పడింది. నిన్నటి గుటకే ఇది, అచ్చంగా అదే, చూరు కింద పడ్డదే మళ్ళీ గొంతులో పడింది. ఆ రెండు చేతుల మీదుగా నీళ్ళు పారుతూనే ఉన్నాయి. ముప్పై తొమ్మిది అన్న మాట నాలుక మీదికి వచ్చి కూర్చుంది గాని దాటలేదు, దాని బదులు ఇంకొకటి దాటింది.

"నేను తేలును చూసిన" అంది తిరుపతమ్మ.

"ఎరుకే" అంది సుభద్ర. "నేను సుత చూసిన. కొండి కనవడ్డది నాకు."

"మరి చెయ్యెందుకు పెట్టినవే?"

సుభద్ర వాచిన చేతిని ఒళ్ళోకి దించుకుంది. "ఏడేండ్ల సంది నీ కండ్లు నా చెయ్యి మీదనే ఉన్నయి. కూడు తింటున్నా ఆడనే, బిడ్డనెత్తుకున్నా ఆడనే. ఎంతదాంక పోతవో చూద్దామని పెట్టిన."

నీళ్ళలో చెయ్యి ఉంచి ఆడిన మాట. బొంకు కావడానికి వీల్లేదు. సిగ్గుతో తిరుపతమ్మ చెవులు కాలిపోయాయి, ఈ పాయ ఇప్పుడే పొంగి తనను ముంచెయ్యకూడదా అనిపించింది, ఇన్నాళ్ళూ ఎవరికీ కనబడదనుకున్నది అంత బట్టబయలుగా ఉందా, తింటున్నప్పుడు కూడానా! అయ్యో అనాలి, చేతులు పట్టుకోవాలి, క్షమించవే చెల్లీ అనాలి. అంటుంది, తరువాత తప్పక అంటుంది. కాని ఆ సిగ్గు అడుగున, పాడు బుద్ధి, ఆ పాతదే మళ్ళీ బుసకొట్టింది. కొండి కనబడుతుండగా చెయ్యి పెట్టిందట! కళ్ళారా చూసి! తానైతే పెట్టగలిగేదా? ముక్కలు చేసినా పెట్టలేదు. ఇందులో కూడా ఇదే ముందు, ఇందులో కూడా తాను వెనకే.

"ఎన్నయినయని అడిగిన" అంది సుభద్ర మళ్ళీ, గొంతు ఎత్తకుండా, దించకుండా.

తిరుపతమ్మ ఎడమచేత్తో తాడు నోటి దగ్గరికి తెచ్చుకుంది. చివరి ముడిని కుక్కపళ్ళ మధ్య పెట్టి లాగింది. తడిసిన జనుము ముడి, వెయ్యడం ఎంత సులువో విప్పడం అంత కష్టం. చిగుళ్ళు నొప్పి పుట్టాయి, నోట్లో ఒండ్రు రుచి, నార పోగులు. ఒకటి విడింది. రెండోది. మొగులయ్య కళ్ళు ఎప్పుడూ ఈ గండి మీదే కదా, కనిపెట్టనే కనిపెట్టాడు. "ఏందిది, ముడులిప్పుతున్నదిరో! ఓ నాగప్పా, నీ పెండ్లాన్ని చూడు, పొద్దంత ఏసి ఇప్పుడిప్పుతున్నది!" ఆరు గండ్ల దగ్గరా జనం లేచి నిలబడ్డారు. నాగప్ప నోరు తెరుచుకుని చూస్తున్నాడు. చూడనీ. మూడు. నాలుగు. ఇది ఆ రెండు కలిసి పోయినప్పటిది. ఐదు.

"ఏమైతున్నది బిడ్డా ఆడ?" రామేశ్వరమ్మ గొంతు పాయ దాటి వచ్చింది.

"ముడులిప్పుతున్న అత్తా" అంది తిరుపతమ్మ, తాడు వదిలి, అందరికీ వినబడేట్టు. "ఏడు ముడులు తెల్వకుంటనే ఏసిన. సుభద్ర వచ్చేలోపట పిలవాల్నని ఏసిన."

గుసగుస పుట్టింది, ఎవరో ఛీ అన్నారు కూడా. ముసలామె ఆ గుసగుస సద్దుమణిగేదాకా ఆగింది. తేలు మాట అంత దూరం వినబడిందో లేదో ఆ మొహంలో కనబడలేదు. "ఇప్పంగ ఎన్నుంటయి?" అంది.

"ముప్పై రెండు."

"అయితే ఇంకెనిమిది గావాలె. కూసోండ్రి అందరు" అంది రామేశ్వరమ్మ. కాసేపటికి మొగులయ్య ఏదో గొణుక్కుంటూ కూర్చున్నాడు, ఆయన కూర్చుంటే మిగతావాళ్ళూ కూర్చున్నారు. తిరుపతమ్మ ఆరోదీ ఏడోదీ విప్పి, మెలికలు తిరిగిన తాడును తొడ మీద సాపు చేసుకుని, మళ్ళీ భుజాన వేసుకుంది. సుభద్ర లేచిపోతుందనుకుంది, పోలేదు. వాచిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచెయ్యి నీళ్ళలోనే ఉంచి కూర్చుంది. ఎండ మాడు మీదికి వస్తోంది.

చేప వచ్చింది. ముందు సుభద్ర వేళ్ళ మీదుగా, తరువాత తిరుపతమ్మ అరచేతి మీదుగా, మూరెడుంటుంది, తొందర లేకుండా పోయింది. మెత్తగా ఉందా? ఉన్నట్టే ఉంది. నిండుగా ఉందా? ఏమో. ఎడమచెయ్యి తాడు మీదికి పోయింది, పోయి ఆగింది.

"తెల్వదు" అంది తిరుపతమ్మ పైకే. ముడి వెయ్యలేదు. సుభద్రకు తెలిసిందేమోనని మాత్రం ఓరగా ఒకసారి ఆమె మొహంలోకి చూసింది.